మూడు పేజీల్లో ముందుజాగ్రత్త చెప్పిన ట్యూరింగ్

పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, చికాకోలు, కర్నూలు, ఛత్రపురం. జూలియస్ ట్యూరింగ్ అనే ఆంగ్లేయ అధికారి, పెళ్లయ్యాక 1911 వరకు భార్యతో కలిసి మకాం మార్చిన ఊళ్లివి. ఆయన ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగి. 1896లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి బళ్లారి, కర్నూలు, విశాఖపట్నం జిల్లాల్లో గుర్రం మీద తిరుగుతూ పంటలు, సాగునీరు, టీకాలు, ఖాతాలు తనిఖీ చేశారు. ఆ క్రమంలో తెలుగు నేర్చుకున్నారు. భార్య ఎథెల్ సారా పుట్టింది కోయంబత్తూరు దగ్గరి పోదనూరులో. ఆమె తండ్రి ఎడ్వర్డ్ స్టోనీ మద్రాసు రైల్వేలో పెద్ద ఇంజనీరు. తుంగభద్ర మీద వంతెన కట్టింది ఆయనే.

ఆ దంపతుల రెండో కొడుకే అలాన్ ట్యూరింగ్. గంజాం జిల్లా ఛత్రపురంలో ఉండగా తల్లి గర్భవతి అయ్యారు. ప్రసవం లండన్‌లో, 1912 జూన్ 23న జరిగింది. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసినవారిగా, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సంకేతాలు ఛేదించినవారిగా ఆయన పేరు చాలామందికి తెలుసు. మన ఇళ్లలో ఎంతోమంది రోజూ ఆఫీసులో చేసే ఒక పనికి తొలి రూపం ఇచ్చినవారిలో ఆయన ఒకరన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ప్రోగ్రాం ఎక్కడ దారి తప్పవచ్చో ముందే ఊహించి, అక్కడక్కడా కాపలా పెట్టడమే ఆ పని. ఇప్పుడు దాన్ని డిఫెన్సివ్ ప్రోగ్రామింగ్ అంటున్నాం.

దూరంగా పెరిగిన పిల్లాడు

సీమ దాటి ఉద్యోగం చేసే కుటుంబాల కష్టం ట్యూరింగ్ ఇంట్లోనూ ఉంది. కాకపోతే దిక్కు వేరు. తల్లిదండ్రులు ఇండియాలో, పిల్లలు ఇంగ్లండులో. ఇక్కడి ఎండలు, జబ్బులు పిల్లలకు పడవని భయపడి, అలాన్‌నూ నాలుగేళ్లు పెద్దవాడైన అన్న జాన్‌నూ సముద్రతీరంలోని సెయింట్ లెనార్డ్స్‌లో ఒక రిటైర్డ్ కల్నల్ ఇంట్లో ఉంచారు. తల్లి ఓడెక్కేనాటికి అలాన్ వయసు ఏడాది మూడు నెలలు. ఆమె మధ్యమధ్య వచ్చి కొంతకాలం ఉండేవారు. తండ్రి కనిపించేది సెలవు దొరికినప్పుడే. 1924లో ఆయన ఉద్యోగం వదిలేసేదాకా ఇలాగే గడిచింది.

అలా పెరిగిన పిల్లాడికి తన పని తానే చక్కబెట్టుకోవడం అలవాటైంది. 1926లో షెర్బోర్న్ బడిలో చేరాల్సిన రోజుల్లోనే బ్రిటన్‌లో సార్వత్రిక సమ్మె వచ్చి రైళ్లు ఆగిపోయాయి. 13 ఏళ్ల అలాన్ సౌతాంప్టన్ రేవులో దిగి, సైకిలెక్కి, దారిలో ఒక రాత్రి సత్రంలో ఆగి, సుమారు 60 మైళ్లు తొక్కి బడికి చేరాడు. అనుకున్న దారి మూసుకుపోతే ఇంకో దారి చూడాలన్న బుద్ధి అప్పటికే ఉందన్నమాట.

అన్నీ పట్టేసే పరీక్ష లేదు

కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో గణితం చదివి, 1935లో అక్కడే ఫెలో అయ్యారు. మరుసటి ఏడాది, 24 ఏళ్లు నిండక ముందే, ఆయన్ను చరిత్రలో నిలబెట్టిన వ్యాసం రాశారు. లెక్క చేయడమంటే ఏమిటో తేల్చడానికి, పొడవాటి టేపు మీద గుర్తులు చదువుతూ, రాస్తూ, చెరుపుతూ కదిలే ఒక ఊహాయంత్రాన్ని అందులో వర్ణించారు. ఇవాళ్టి ప్రతి కంప్యూటర్‌కూ నమూనా అదే.

ఆ వ్యాసంలో ఇంకో కబురు కూడా ఉంది, అది అంత తీపి కబురు కాదు. ఏ యంత్రాన్ని ఇచ్చినా దాని నడక చివరికి ఎలా ఉంటుందో తప్పకుండా చెప్పగల సార్వత్రిక పద్ధతి అసాధ్యమని ఆయన నిరూపించారు. తర్వాతి తరాలు దాన్ని ఈ రూపంలో నేర్చుకున్నాయి: ఏ ప్రోగ్రాం ఇచ్చినా అది ఆగుతుందో, ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుందో చెప్పగల ప్రోగ్రాం ఉండదు. మన సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌అవుట్ పెట్టుకోవడం వెనకున్న కారణాల్లో ఇదొకటి. అవతలివైపు ప్రోగ్రాం ఇంకా పని చేస్తోందో, ఉండిపోయిందో అన్ని సందర్భాల్లోనూ తేల్చే మార్గం లేదు కాబట్టి, ఇంతసేపు చూసి వదిలేద్దామని ముందే గడువు పెట్టుకుంటాం.

అన్ని ప్రోగ్రాములకూ సరిపోయే పరీక్ష లేనప్పుడు, ఒక్కో ప్రోగ్రాం తన రక్షణ తానే చూసుకోవాలి. అది ఎలాగో ఆయన చెప్పడానికి మరో 13 ఏళ్లు పట్టింది. మధ్యలో యుద్ధం వచ్చింది.

సైకిల్ గొలుసు, వెండి కడ్డీలు

1939 సెప్టెంబరు 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడు, ట్యూరింగ్ బ్లెచ్లీ పార్క్‌లో చేరారు. జర్మన్ ఎనిగ్మా యంత్రం సంకేతాలను విప్పడం అక్కడి పని. పోలండ్ గణితజ్ఞులు అంతకుముందే దారి వేశారు. దాన్ని ముందుకు తీసుకెళ్లి ట్యూరింగ్ ‘బాంబ్’ అనే విద్యుత్ యంత్రాన్ని రూపొందించారు. సందేశంలో ఫలానా మాట ఉండి ఉంటుందని ఊహించి, ఒక అమరిక సరైనదనుకుని లెక్క ముందుకు నడిపితే, అమరిక తప్పయినప్పుడు ఎక్కడో ఒకచోట వైరుధ్యం బయటపడుతుంది. అలా వైరుధ్యం వచ్చిన అమరికలన్నిటినీ యంత్రం కొట్టేస్తుంది. మొదటి యంత్రం 1940 మార్చిలో పనిలోకి దిగింది. సరైనది నేరుగా వెతకడం కంటే, తప్పయినదాన్ని తన తప్పు తానే బయటపెట్టుకునేలా చేయడం ఆయన పద్ధతి.

బ్లెచ్లీలో ఆయన గురించి చెప్పుకునే కథలు రెండున్నాయి. ఆయన సైకిల్ గొలుసు మాటిమాటికీ ఊడిపోయేది. బాగుచేయించే బదులు, ఎన్ని తిప్పులకు ఊడుతోందో లెక్కపెట్టి, సరిగ్గా దానికి ముందు ఆపి సర్దుకునేవారు. లెక్కను ఇంకాస్త తవ్వితే, వంగిన ఊచ ఒకటి గొలుసులోని ఒక లంకెకు ఎదురుపడినప్పుడే అది ఊడుతోందని తేలింది. లోపం ఎప్పుడు వస్తుందో గమనిస్తే ఎందుకు వస్తుందో తెలుస్తుంది. లాగ్ ఫైళ్లు ముందేసుకుని కూర్చునేవాళ్లకు ఇది కొత్త కాదు.

రెండోది ఆయన ఓడిపోయిన కథ. జర్మన్లు దండెత్తి వస్తే బ్యాంకులో డబ్బు పనికిరాకుండా పోతుందని భయపడి, 1940లో సుమారు 250 పౌండ్లు పెట్టి వెండి కడ్డీలు కొన్నారు. వాటిని షెన్లీ ఊరి దగ్గర రెండుచోట్ల పాతిపెట్టి, ఎలా వెతకాలో సంకేత భాషలో రాసుకున్నారు. తర్వాత స్నేహితుడు డొనాల్డ్ మిచీ సాయంతో, లోహాలు పసిగట్టే పరికరంతో కూడా వెతికారు. అప్పటికి ఆ చోట్ల ఆనవాళ్లు మారిపోయాయి. వెండి దొరకలేదు. బ్యాకప్ తీసి పెట్టుకుని, దాన్ని తిరిగి తెచ్చుకోగలమో లేదో ఒక్కసారీ పరీక్షించని వాళ్లందరిదీ ఇదే కథ.

1949 జూన్, కేంబ్రిడ్జి

యుద్ధం ముగిశాక ట్యూరింగ్ లండన్ దగ్గరి నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో ఒక ఎలక్ట్రానిక్ కంప్యూటర్ నమూనా రాశారు. అక్కడ పని సాగే తీరుతో విసిగి 1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి మారారు. ఆ ఏడాది జూన్ 21న అక్కడి చిన్న యంత్రం మీద, మెమరీలో దాచిన ప్రోగ్రాం మొదటిసారి నడిచింది.

ఆ రోజుల్లో యంత్రాలు మాటిమాటికీ మొరాయించేవి. 1949 జూన్ 16 రాత్రి మాంచెస్టర్ యంత్రం ఒక ప్రోగ్రాంను తప్పు లేకుండా 9 గంటలపాటు నడిపిందంటే అదో విశేషం. యంత్రం బాగున్నా మనిషి రాసింది బాగుంటుందన్న భరోసా లేదు. కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ యంత్రాన్ని కట్టిన మారిస్ విల్క్స్ ఆ కాలంలోనే ఒకనాడు మెట్లు ఎక్కుతూ ఒక సంగతి గ్రహించారు. మిగిలిన జీవితంలో చాలా భాగం తన ప్రోగ్రాముల్లో తన తప్పులే వెతుక్కుంటూ గడపాల్సి వస్తుందని.

ఎడ్సాక్ ప్రారంభ సందర్భంగా ఆ జూన్‌లో కేంబ్రిడ్జిలో సదస్సు జరిగింది. 24న ట్యూరింగ్ మాట్లాడారు. అంశం, పెద్ద ప్రోగ్రాం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం ఎలా అన్నది. అచ్చులో అది మూడు పేజీలు.

కూడికతో మొదలుపెట్టారు. పొడవాటి సంఖ్యలు ఒకదాని కింద ఒకటి రాసి, కింద మొత్తం మాత్రమే వేస్తే, తనిఖీ చేసేవారు మళ్లీ మొదటి నుంచి కూడుకోవాలి. ప్రతి వరుస నుంచి పక్క వరుసకు మోసుకెళ్లిన అంకెను (చిన్నప్పుడు ‘చేతిలో ఒకటి’ అనుకున్నదే) కూడా రాసిపెడితే, ఒక్కో వరుసను విడిగా చూసుకోవచ్చు. నలుగురు మనుషులు నాలుగు వరుసలు పంచుకోవచ్చు. అన్ని వరుసలూ సరిపోతే మొత్తం సరిపోయినట్టే.

ప్రోగ్రాంకూ ఇదే చేయమన్నారు. రాసినవారు అక్కడక్కడా ఆగి, ఇక్కడికి వచ్చేసరికి ఫలానా గడిలో ఫలానా విలువ ఉండాలి అని ఖాయంగా చెప్పాలి. ఆ మాటలను ఒక్కొక్కటిగా సరిచూస్తే చాలు, మొత్తం ప్రోగ్రాం సరైనదని తేలుతుంది. ఈ ఖాయమైన మాటనే ప్రోగ్రామర్లు ఇప్పుడు అసర్షన్ అంటారు. గోల్డ్‌స్టైన్, వాన్ నాయ్‌మన్ అమెరికాలో అంతకుముందే తమ ఫ్లో చార్టుల్లో ఇలాంటి గళ్లు గీసుకున్నారు. దాన్ని తనిఖీ పద్ధతిగా మలిచి, ఉదాహరణతో మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించింది ట్యూరింగ్.

ఆ ఉదాహరణ ఫ్యాక్టోరియల్ లెక్క, అదీ గుణకారం వాడకుండా కూడికలతోనే. విలువలు ఎక్కడ ఏముండాలో పట్టిక వేసి చూపాక, ఇంకో ప్రశ్న వేశారు. ఇది ఆగుతుందని ఏమిటి నమ్మకం? 1936లో అందరికీ కలిపి జవాబు లేదని తేల్చిన ప్రశ్నే అది. ఈసారి ఒక్క ప్రోగ్రాంకు జవాబు చెప్పారు. ప్రతి అడుగులోనూ కచ్చితంగా తగ్గుతూ పోయే ఒక పూర్ణసంఖ్యను రాసినవారే చూపించాలి. అది సున్నా కంటే కిందికి పోలేదు కాబట్టి, ప్రోగ్రాం ఎప్పుడో ఒకప్పుడు ఆగి తీరాలి. లోకంలోని ప్రోగ్రాములన్నిటికీ హామీ దొరకదు, మీరు రాసిన దానికి మాత్రం మీరు హామీ ఇవ్వవచ్చు. రెండు వ్యాసాలనూ పక్కపక్కన పెడితే తేలే సారం ఇది.

బోర్డు మీద తిరగేసిన అంకెలు

ఆ ఉపన్యాసం సభలో అంతగా ఎక్కలేదు. కారణం ఏమిటో విల్క్స్ తర్వాత గుర్తుచేసుకున్నారు. మాంచెస్టర్ యంత్రంలో సంఖ్యలను ఒకట్ల స్థానం ముందు వచ్చేలా, అంటే మనం రాసేదానికి తిరగేసి రాసేవారు. ట్యూరింగ్‌కు అది అలవాటైపోయింది. కేంబ్రిడ్జి బోర్డు మీద కూడికను కూడా అలాగే, ఒక్క ముక్క వివరణ ఇవ్వకుండా రాసేశారు. ముందున్నవారికి ఆ కూడిక ఎలా సరిపోతుందో అర్థం కాలేదు. ఆటపట్టించాలని ఆయన అలా చేయలేదు. ఇంత చిన్న విషయం ఎదుటివారికి అడ్డవుతుందని ఆయనకు తోచలేదంతే.

మనసులో ఉన్న ఊహను కాగితం మీద పెట్టండని చెప్పడానికి వచ్చిన మనిషి, తన ఊహను చెప్పకుండా వదిలేశారు. ఒక టీమ్ తేదీని నెల ముందు పెట్టి రాస్తే, ఇంకో టీమ్ రోజు ముందు పెట్టి చదివే చోట ఇప్పటికీ జరుగుతున్నది ఇదే. పైగా ఆ వ్యాసం అచ్చయినప్పుడు అందులో అచ్చుతప్పులు దొర్లాయి. 1984లో మోరిస్, జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు వాటిని సరిదిద్ది మళ్లీ ప్రచురించేదాకా, తనిఖీ గురించిన వ్యాసమే తనిఖీ లేకుండా ఉండిపోయింది. ఈలోగా 1967లో రాబర్ట్ ఫ్లాయిడ్, 1969లో టోనీ హోర్ అదే దారిలో నడిచి, దాన్ని పూర్తి సిద్ధాంతంగా నిలబెట్టారు.

లోపాన్ని దాచకపోవడం

1950 అక్టోబరులో ‘మైండ్’ పత్రికలో అచ్చయిన, యంత్రాలు ఆలోచించగలవా అన్న ప్రసిద్ధ వ్యాసంలో ట్యూరింగ్ తప్పులను రెండుగా విడదీశారు. యంత్రం పాడై వచ్చే తప్పు ఒకటి. యంత్రం బాగానే నడిచినా తేల్చిన ఫలితంలో వచ్చే తప్పు ఇంకొకటి. ఇవాళ్టి ప్రోగ్రామర్లు చేసే విభజన అచ్చం ఇదే కాకపోయినా దీనికి దగ్గరగానే ఉంటుంది.

ఇంటికి డబ్బు పంపే యాప్‌నే తీసుకోండి. ఇక్కడి ఖాతాలో తగ్గిన మొత్తం, పంపిన మొత్తమూ రుసుమూ కలిపిన దానికి సమానంగా ఉండాలి. అది తప్పితే ప్రోగ్రాంలోనే లోపం ఉన్నట్టు. అక్కడ అసర్షన్ పెట్టి, తప్పగానే ఆపేయాలి. అవతలి బ్యాంకు సర్వర్ పలకకపోవడం వేరు. అది మన తప్పు కాదు, కానీ ఎప్పుడైనా జరగవచ్చు. దాన్ని ఎక్సెప్షన్‌గా పట్టుకుని, మళ్లీ ప్రయత్నించాలో, డబ్బు వెనక్కి వేయాలో ముందే రాసుకోవాలి. అన్నిటికంటే ప్రమాదం, ఎక్సెప్షన్‌ను పట్టుకుని ఏమీ చేయకుండా వదిలేయడం. అప్పుడు తెర మీద పంపేశామని కనిపిస్తుంది, ఊళ్లో అమ్మ ఖాతాలో మాత్రం ఏమీ పడదు.

పట్టుకున్న తప్పును మింగేయకూడదనడానికి ట్యూరింగ్ పనిలోనే మంచి ఉదాహరణ ఉంది. 1950 జూన్‌లో ఆయన రీమాన్ జీటా ఫంక్షన్ సున్నాలను మాంచెస్టర్ యంత్రం మీద లెక్కించారు. ఒక మధ్యాహ్నం 3 గంటల నుంచి మర్నాటి ఉదయం 8 దాకా యంత్రం అదృష్టవశాత్తు ఆగకుండా నడిచింది. సున్నాలను వెతకడంతో సరిపెట్టుకోకుండా, మధ్యలో ఏదీ జారిపోలేదని నిర్ధారించుకునే పద్ధతిని కూడా ఆయనే కనిపెట్టారు. గణితంలో అది ఇప్పటికీ ఆయన పేరుతోనే వాడుకలో ఉంది. 1953లో ఆ ఫలితాలు ప్రచురిస్తూ, చివర్లో యంత్రం చెడిపోయిందని, ఒక భాగం లెక్క తప్పు విలువతో నడిచిందని తర్వాత తెలిసిందని ఆయనే రాశారు. పాత రికార్డు కంటే తాను ముందుకు వెళ్లింది ఏ కొంచెమో అని కూడా ఒప్పుకున్నారు.

1952 తర్వాత

1952 జనవరిలో ట్యూరింగ్ ఇంట్లో దొంగతనం జరిగింది. ఆయనే పోలీసులకు చెప్పారు. విచారణలో ఒక యువకుడితో తనకున్న సంబంధాన్ని దాచకుండా ఒప్పుకున్నారు. పురుషుల మధ్య అలాంటి సంబంధం అప్పటి బ్రిటన్ చట్టం దృష్టిలో నేరం. మార్చి 31న కోర్టు దోషిగా తేల్చింది. జైలుకు బదులు ఏడాదిపాటు హార్మోన్ చికిత్సకు ఒప్పుకోవాల్సి వచ్చింది. దేశ రహస్యాలు కాపాడిన మనిషికి ఆ రహస్యాల దగ్గరికి వెళ్లే అనుమతి పోయింది. యుద్ధంలో ఆయన చేసిన పని బయటికి చెప్పకూడనిది కావడంతో, ఆయన ఎంతటివారో దేశానికి తెలిసే వీలు కూడా లేకపోయింది.

1954 జూన్ 7న విల్మ్‌స్లోలోని ఇంట్లో సయనైడ్ వల్ల ప్రాణం పోయింది. ఆయనకు 41 ఏళ్లు. ఆత్మహత్య అని విచారణాధికారి తేల్చారు. ఇంట్లో రసాయన ప్రయోగాలు చేసే అలవాటుండటంతో అది ప్రమాదమేనని తల్లి చివరిదాకా నమ్మారు. మంచం పక్కన సగం కొరికిన ఆపిల్ దొరికింది. దాన్ని ఎవరూ పరీక్షకు పంపలేదు. అయినా విషం పూసిన ఆపిల్ కథ నిజమన్నట్టే ప్రపంచమంతా పాకింది. సరిచూడని ఊహ మీద ఏదీ నిలబెట్టవద్దని చెప్పిన మనిషి మరణం గురించి, సరిచూడని ఊహే ఎక్కువగా ప్రచారమైంది.

2009 సెప్టెంబరులో ప్రధాని గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. 2013 డిసెంబరు 24న రాణి క్షమాభిక్ష మంజూరు చేశారు. 2021 జూన్ 23న, ఆయన పుట్టినరోజునే, ఆయన బొమ్మతో 50 పౌండ్ల నోటు చలామణిలోకి వచ్చింది. బ్రిటన్‌లో ఉంటున్న మన కుటుంబాలు ఆ నోటు చూసే ఉంటాయి.

కంప్యూటర్ రంగంలో అత్యున్నత పురస్కారాన్ని 1966 నుంచి ఆయన పేరుతోనే ఇస్తున్నారు. అసర్షన్ల ఆలోచనను పెంచి పెద్దచేసిన ఫ్లాయిడ్, హోర్ ఇద్దరికీ అది దక్కింది. 1994లో దాన్ని అందుకున్న ఇద్దరిలో ఒకరు, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి, అందరూ రాజ్ రెడ్డి అని పిలిచే శాస్త్రవేత్త.

ఇవాళ వాడుకలో ఉన్న ప్రోగ్రామింగ్ భాషల్లో చాలావాటిలో అసర్ట్ అనే మాట ఉంది. కోడ్‌లో ఆ ఒక్క పదం టైప్ చేసి, పక్కన ఇక్కడ ఇది నిజమై ఉండాలి అని రాసే ప్రతిసారీ, 1949లో ట్యూరింగ్ అడిగిన పనే చేస్తున్నాం. మనకు తెలుసుకదా అని మనసులో ఉంచుకున్నది, రేపు ఆ కోడ్ తెరిచేవారికి తెలియకపోవచ్చు. బోర్డు మీద అంకెలు తిరగేసి ఉన్నాయని ఎవరో ఒకరు ముందే చెప్పాలి.